దేంట్లో ఎంత

"పేరు ఆమెది, బుర్ర నాదప్పా."

ఉగ్గాని పళ్లేలు అందరి చేతికీ ఇచ్చి, బజ్జీలు తేవడానికి నేను వెనక్కి తిరుగుతుండగా మా ఆయన రాఘవేంద్ర ఈ మాట అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన తమ్ముడు విష్ణువర్ధన్ పొలమారేదాకా నవ్వాడు. అతనికి నీళ్ల చెంబు అందించింది కూడా నేనే.

ఆదివారం వస్తే బుక్కరాయసముద్రంలోని మా ఇంటి వరండాలో షేర్ల పంచాయతీ జరుగుతుంది. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే విష్ణువర్ధన్ పొద్దున్నే బండేసుకుని వస్తాడు. మా ఆయన ఆఫీసు వాళ్లు ఇద్దరు వస్తారు. ఏది కొనాలి, ఏది పెరుగుతుంది, ఏది రెండింతలవుతుంది, ఇవే మాటలు. వంటింటికీ వరండాకూ మధ్య ఒక గోడ, ఆ గోడకు ఒక కిటికీ. నూనె కాగుతున్నా, మిరపకాయ ఘాటుకు దగ్గొస్తున్నా, ప్రతి మాటా నా చెవిన పడుతుంది. ఇన్నేళ్లలో ఆ కిటికీలోంచి ఎన్ని కంపెనీల పేర్లు విన్నానో లెక్క లేదు. ఒక్క ప్రశ్న మాత్రం ఏనాడూ వినలేదు. ఏది అని అందరూ అడుగుతారు. ఎంత అని ఒక్క మగవాడూ అడగడు. ఉగ్గానిలో ఏమేం పడతాయో తినేవాళ్లందరికీ తెలుసు. బొరుగులు, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, పుట్నాల పొడి. దేంట్లో ఎంత అన్నది చేసేవాళ్లకే తెలుసు.

ఖాతా నా పేరు మీద ఎందుకుందంటే మా ఆయనది ప్రభుత్వ ఉద్యోగం. తన పేరున షేర్లు కొంటూ అమ్ముతూ కూర్చుంటే పైవాళ్లు అడుగుతారని భయం. ఆ ఆఫీసులో సగం మంది షేర్లు పెళ్లాల పేరు మీదే ఉన్నాయి. తమ పేరు మీద ఏముందో తెలియని ఆడవాళ్లు టౌనులో వీధికి నలుగురు ఉంటారు. నేను వాళ్లలో లేను. నా పేరు మీద ఏముందో, ఎంతుందో పిండి కలుపుతుండగా అడిగినా చెప్తాను. ఎవరూ అడగరు.

ఇంకొక సంగతి కూడా వరండాలో ఎవరూ అనరు. పేరు ఒక్కటే కాదు, విత్తనం కూడా నాదే. శింగనమల దగ్గర మా నాయన పసుపు కుంకుమ కింద నాకొక మెట్ట చేను రాసిచ్చాడు. ఆడబిడ్డకు ఇచ్చిన చేను ఆడబిడ్డదే, దాన్ని ఎవరూ అడగకూడదని మావైపు కట్టుబాటు. కట్టుబాటు కాబట్టి మా ఆయనా మా అత్త సుబ్బరత్నమ్మా నన్ను అడగలేదు. సణిగారు. "దాన్ని చూసేదెవరు, యాడికని పోయి సేద్యం చేస్తాం" అని అన్నం ముందర, పండగ ముందర, బిడ్డ పుట్టిన రోజున కూడా సణిగి సణిగి, చివరికి తొంభై తొమ్మిదిలో అమ్మించారు. రిజిస్ట్రారు ఆఫీసులో నేను సంతకం పెట్టి, సిరా అంటిన చేయి చీర కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి డబ్బు సంచి ఆయన చంకలో ఉంది.

ఆ డబ్బంతా తీసుకుపోయి ఒకే ఒక కంప్యూటర్ల కంపెనీలో పెట్టాడు. కొన్నాళ్లు మీసం మీద చేయి వేసుకుని తిరిగాడు. రెండు వేల సంవత్సరంలో అది పడింది. పడుతుంటే అమ్మలేదు. జీతంలోంచి తెచ్చి, నా చేతి గాజులు కుదువబెట్టి తెచ్చి, అదే కంపెనీ మళ్లీ కొన్నాడు. "మళ్లీ ఇత్తుతాండా, చూస్తూ ఉండు" అన్నాడు. ఈ మాట ఎక్కడిదో మా జిల్లాలో పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఇక్కడి మగవాళ్లు వాన వస్తుందని చేను నిండా శనక్కాయే విత్తుతారు. అది ఎండితే అదే చేలో మళ్లీ శనక్కాయే విత్తుతారు. అదీ ఎండితే అప్పు తెచ్చి విత్తుతారు. పొరపాటైందని ఒప్పుకోవడం కంటే ఇంకోసారి విత్తడమే వాళ్లకు సులభం. మా మామ అట్లాగే చేలన్నీ పోగొట్టాడు. కొడుకు చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, చొక్కా మడత నలగకుండా ఫ్యాను కింద కూర్చుని అదే పని చేశాడు.

పదిపాళ్లలో ఒక పాలు మిగిలాక కాగితాలన్నీ తెచ్చి నా ఒళ్లో పడేశాడు. "నీ పేరు మీదనే గదా ఉండాది, నువ్వే ఏమన్నా చేసుకో" అన్నాడు. కోడలి దుడ్లు ఈ ఇంటికి అచ్చిరాలేదని మా అత్త వీధంతా చెప్పుకుంది. గమనించండి. పోయినప్పుడు అవి కోడలి దుడ్లు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానినదాన్ని. మాన్పించినదాన్ని అనాలి. టీవీలో వ్యాపారం ఛానెల్ పెట్టుకుని, మా అత్త విసుక్కోకుండా శబ్దం తగ్గించి, సంగటి గెలుకుతూ చూసేదాన్ని. వాళ్ల ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది కాదు. కింద పరిగెత్తే అంకెలు చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. తెలుగు పేపరులో వ్యాపారం పేజీ ఆయన చదవకుండానే మడిచేవాడు, దాన్ని నేను మధ్యాహ్నం చదివేదాన్ని. మిగిలిన ఆ ఒక్క పాలును ముక్కలు చేశాను. ఏ కంపెనీ కొన్నా నేను చూసుకున్నది ఒకటే. ఇది రేపు పొద్దున పూర్తిగా మునిగిపోయినా ఈ ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. పప్పు పలచన కాకూడదు, మా పాప ఆశ్రిత ఫీజు ఆగకూడదు. అంత మాత్రమే కొనాలి. ఎంత మంచి కంపెనీ అయినా అంతే. అది మంచిదని అనుకున్నది మనం. మనం అనుకున్నామని వాన పడదు.

తప్పులు చేయలేదని కాదు. సిమెంటు, ఇనుము, ఇళ్లు కట్టే కంపెనీ మూడూ కొని, మూడు రకాలు వేశానని సంబరపడ్డాను. ఒకే వారంలో మూడూ కలిసి పడుకున్నాయి. పేర్లు మూడు, పైరు ఒకటేనని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి వాన ఉన్నా లేకున్నా జనం కొనే సబ్బులూ జ్వరాల మందులూ ఒక పక్క, వాన పడితేనే అమ్ముడయ్యే ట్రాక్టర్లు ఒక పక్క, ఒక బ్యాంకు, లారీలు తాడిపత్రి రోడ్డు మీద మోసుకుపోయే సిమెంటు కొంచెం, అట్లా వేశాను. ఏదన్నా ఒకటి ఏపుగా పెరిగి మిగతావాటి మీద నీడ పడేస్తే, దాంట్లో కొంత అమ్మి చిన్నవాటిలో వేశాను. పెరిగేదాన్ని అమ్మాలంటే మనసొప్పదు. అయినా అమ్మాను. ఇదంతా కొళాయి నీళ్లు వచ్చే పూట బిందెలు పట్టుకుంటూ, ట్యాంకరు కోసం వీధి మలుపు దాకా పరిగెత్తుతూ, మా అత్త కాళ్లకు నూనె రాస్తూ చేసిన పని. ఎవరూ దాన్ని పని అనలేదు. ఫోన్లో కూర్చుంటుంది అన్నారు.

ఫోను అవతల ఉండేది ఓబుళేసు. ఒకప్పుడు అనంతపురంలో శనక్కాయ మండీ గుమాస్తా. మండీ మూతపడ్డాక అదే గదిలో రెండు కంప్యూటర్లు పెట్టి షేర్ల ఆఫీసు తెరిచాడు. నేను మొదటిసారి ఫోన్ చేసి ఫలానాది అమ్మమంటే, "సార్‌ను అడిగినారామ్మా?" అన్నాడు. ఆ పూట అమ్మలేదు. సార్‌కు ఫోన్ చేస్తే సార్ దొరకలేదు, సాయంత్రానికి ధర పడిపోయింది. రెండోసారి నేనే ముందు చెప్పాను: "సార్ చెప్పినారు, అమ్మేయమన్నారు." టక్కున అమ్మాడు. అప్పటి నుంచి అదే మంత్రం. సార్ చెప్పినారు, మందుల కంపెనీ కొనమన్నారు. సార్ చెప్పినారు, ట్రాక్టర్లు కొంచెం తగ్గించమన్నారు. సార్ ఆ వేళకు ఆఫీసులో ఫైళ్ల కట్ట తలకింద పెట్టుకుని కునుకు తీస్తూ ఉండేవాడు. తనకు తెలియకుండానే ఏటేటా తెలివైనవాడయ్యాడు. ఓబుళేసు టౌనంతా చెప్పాడు, బుక్కరాయసముద్రం రాఘవేంద్ర సార్ చేయి వేస్తే తిరుగులేదని. జనం ఆయన్ను వెతుక్కుంటూ సలహాకు రావడం మొదలుపెట్టారు. ఆదివారం పంచాయతీ అట్లా పుట్టింది. దానికి ఉగ్గాని చేసేది నేను, దాన్ని పుట్టించిందీ నేనే.

రెండు వేల అయిదులో ఒకరోజు ఆయన ఖాతా కాగితం విప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. అమ్మిన చేను అంత డబ్బు తిరిగి వచ్చి, దాని మీద ఇంకో రెండు చేలంత ఉంది. ఒక్క మాట అడగలేదు. ఇదెట్లా అయింది ఇంద్రాణీ అని ఆ రోజు అడిగి ఉంటే, నేను ఏడ్చేదాన్నేమో. ఆ సాయంత్రం ఎవరితోనో ఫోన్లో అంటుంటే విన్నాను, "నా షేర్లు బాగా ఉండాయిలే" అని. ఆశ్రిత ఫీజు నేను ట్రాక్టర్ల షేర్లు కొన్ని అమ్మి కడితే, "మీ నాయన కట్టినాడు, గుర్తు పెట్టుకో" అని దానికి చెప్పాడు.

ఆ పైన ఏది కొనాలో ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. విష్ణువర్ధన్ ఎవరో పెద్దమనిషి దగ్గర విని వచ్చి, రోడ్లు వేసే ఒక కంపెనీ పేరు చెప్పాడు. వరండాలో దాన్ని రోడ్లు అనే పిలుస్తారు. "రోడ్లు ఈ పొద్దు ఎంతుండాది?" అంటారు, బిడ్డకు జ్వరం ఎంతుందని అడిగినట్టు. మొదట మిగతావి ఒక్కొక్కటీ ఎంతున్నాయో అదీ అంతే కొన్నాను. అది పెరిగింది. ఇంకా కొనమన్నాడు. ఇంకా పెరిగింది. మందులు అమ్మి కొనమన్నాడు, కొంతే అమ్మి, అంతే అమ్ముడైందని చెప్పాను. ఎంత అడ్డుపడినా రెండు వేల ఏడు చివరికి నా ఖాతాలో సగానికి పైన రోడ్లే ఉన్నాయి. నేను ముక్క ముక్కగా నాటినవన్నీ దాని నీడలో నిలబడి ఉన్నాయి.

బుర్ర తనదని ఆయన అన్న ఆ ఆదివారం బజ్జీలు పెట్టి నేను లోపలికి వచ్చాక, కిటికీలోంచి విష్ణువర్ధన్ గొంతు వినబడింది. "ఆ చిల్లరంతా ఎందుకు పెట్టుకున్నావన్నా? సబ్బులంట, ట్రాక్టర్లంట. అమ్మేసి మొత్తం రోడ్లలో పెట్టు. కలుపు తీయకుంటే పైరెట్ల పెరుగుతాది?"

"తీయాల్లే, కలుపు తీయాల" అన్నాడు మా ఆయన.

వాళ్లు వెళ్లాక వంటింటి గడప దగ్గర నిలబడి చెప్పాడు. రేపు పొద్దున్నే ఓబుళేసుకు ఫోన్ చేసి చిన్నవన్నీ అమ్మాలి. ఆ డబ్బుకు రోడ్లు కొనాలి. తర్వాత ఆ రోడ్లన్నీ కుదువబెట్టి, వచ్చిన డబ్బుతో ఇంకా రోడ్లు కొనాలి, దానికి నా సంతకాలు కావాలి. విష్ణు కూడా అట్లాగే చేస్తున్నాడు. నేను గిన్నెలు తోముతున్నదాన్ని తోముతూనే చెప్పాను, అదొక్కటే సగానికి పైన ఉంది, తగ్గించాలి గానీ పెంచితే ఎట్లా, అది పడితే ఆశ్రిత చదువు కూడా నిలబడదని.

"ఎనిమిదో క్లాసు నువ్వు" అన్నాడు. "నీకు తెలిసేది దేంట్లో ఉప్పు తక్కువైందని. అది చూసుకో."

నేను చేయి కడుక్కుని పెరట్లోకి వెళ్లాను. మా అత్త చాట ముందేసుకుని కందులు చెరుగుతోంది. ఆమె పక్కన కూర్చుని రాళ్లు ఏరసాగాను. ఆమెకూ నాకూ మాటలు తక్కువ. ఉన్నవి కూడా మాటలు కావు. కూర చల్లారింది, చీర పైకి కట్టినావు, మీ నాయన మర్యాద తెలీనోడు. ఆ రోజు మాత్రం ఉన్నట్టుండి అడిగింది, కలుపు అన్నాడే, దేన్ని అని. నేను చెప్పాను. చిన్నవన్నీ తీసి ఒక్కదాంట్లోనే పెట్టమంటున్నాడని.

ఆమె చాట ఆపింది. తన కాపురం తొలినాళ్ల సంగతి చెప్పింది. అప్పట్లో ఎంత శనక్కాయ విత్తినా, మధ్య మధ్య సాళ్లు వదిలి కందో, అలసందో, ఆముదమో వేసేవాళ్లట. విత్తే గొర్రు మీద జడ్డిగం అనే గిన్నెలో శనక్కాయ గింజలు పోసే ఆడది ఒకతె, వెనక ఒంటి గొట్టంలో కందులు వదులుతూ నడిచే ఆడది ఇంకొకతె. ఆ రెండోది తనే. చేలో శనక్కాయ మగవాడిది. ఆ సాళ్ల పంట ఆడవాళ్లది. అమ్ముకున్నా, వండుకున్నా, పుట్టింటికి మూట కట్టి పంపినా మగవాడు అడగకూడదు. ఒక ఏడు మండీ షావుకారు వచ్చి, సాళ్లు తీసేస్తే ఇంకా శనక్కాయ పండుతుందని మా మామకు చెప్పాడట. అప్పటికే కంది మోకాలెత్తు లేచింది.

"కలుపు అనినాడు మీ మామ" అంది మా అత్త. "నా కందిని నా చేత్తోనే పీకించినాడు. ఆ యేడు వాన తప్పింది. శెనక్కాయ ఊడలు దిగకనే మాడిపాయ. కంది ఉండింటే తట్టుకుని నిలబడుండు. పీకిన కంది గట్టు మీద ఎండతాంటే మేకలు తినె."

నాకు ఆమె చేయి పట్టుకోవాలనిపించింది. ఆ లోపలే ఆమె చాట మళ్లీ ఎత్తింది. "అయినా మొగోడు చెప్పినాక చేయాల గదా. చెయ్యి ఫోను" అంది.

నా ఒళ్లు మండిపోయింది. మా ఆయన మీద కంటే ఆ క్షణాన ఆమె మీద ఎక్కువ మండింది. అన్నీ తెలిసి, అన్నీ చూసి, నలభై ఏళ్లుగా ఆ గట్టు మీద ఎండిన కందిని కళ్ల ముందర పెట్టుకుని, ఇంకొక ఆడదాన్ని పీకమని చెప్తుంది. కలుపు ఏదో పైరు ఏదో వంగి చూసేది మనం, వీపు మాడేది మనది. గట్టు మీద నిలబడి అది కలుపు అని చెప్పేది ఇంకొకడు. ఏం చెప్పినా పీకే చేతులు మనవి కాబట్టే వాడు చెప్తున్నాడు.

సోమవారం ఆయన స్కూటరు వీధి మలుపు తిరిగాక ఫోన్ ఎత్తాను.

"చెప్పండమ్మా, సార్ ఏం చెప్పినారు?" అన్నాడు ఓబుళేసు. పలకరింపు కూడా అదే అయిపోయింది అతనికి.

సార్ చెప్పినారు, రోడ్లు అమ్మమన్నారు అని ఒక్క మాట అంటే చాలు. పని జరిగిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అట్లా అమ్మితే, రేపు అది పడిందనుకోండి, సార్ బుర్ర. పెరిగిందనుకోండి, ఎనిమిదో క్లాసు. ఏళ్ల తరబడి నా చేతులతో నేనే ఈ మాటను విత్తాను, అది మాను అయి మా వరండాలో కూర్చుని బజ్జీలు తింటోంది.

"సార్ ఏమీ చెప్పలేదు ఓబుళేసూ. నేను చెప్తాండా. రోడ్లు అమ్మాల."

 ఓబుళేసు గొంతు తగ్గించి, సార్ నిన్ననే ఫోన్ చేసినాడనీ, రోడ్లు కొనాల్సి ఉంటుందని చెప్పినాడనీ, సార్‌తో ఒక్క మాట చెప్పిస్తే బాగుంటుందనీ అన్నాడు.

"ఖాతాలో ఉండేది నా సంతకం. ఇన్నాళ్లూ సార్ చెప్పినారని నేను చెప్పినవి సార్ చెప్పినవి కావు, నేను చెప్పినవే. ఈ పూట అమ్ముతావా, లేదా నా ఖాతా ఇంకో ఆఫీసుకు మార్చుకోనా?"



"ఆ జరాల మందుల కంపెనీ," అన్నాడు ఓబుళేసు, "అది పడిపోయి ఉన్నప్పుడు కొన్నారే, అది కూడా మీరేనా?"

"నేనే."

"సార్ కొన్నాడని నేను కూడా కొంటినమ్మా. దాంతోనే ఇల్లు పైకప్పు వేయించినా." అతని గొంతులో కోపం ఉందో, నవ్వు ఉందో నాకు తెలియలేదు. "సార్‌కు సత్యనారాయణ వ్రతానికి చొక్కా గుడ్డ పెట్టినా గూడా."

నాకు నవ్వు రాలేదు. చొక్కా గుడ్డను నేనే టైలరుకు ఇచ్చి కుట్టించి తెచ్చాను. ఆయన దాన్ని వేసుకునే ప్రతిసారీ నేనే ఇస్త్రీ చేశాను.

"సరేమ్మా. ఎంత అమ్మాల?"

ఒక మగవాడు నన్ను ఎంత అని అడగడం అదే మొదలు. రోడ్లు మొత్తం అమ్మలేదు. దాని మీద నాకు పగ లేదు. మంచి కంపెనీయే కావచ్చు. సబ్బులు ఎంత ఉన్నాయో, ట్రాక్టర్లు ఎంత ఉన్నాయో అంతకు తెచ్చి ఆపాను. వచ్చిన డబ్బులో కొంత చిన్నవాటిలో వేయించాను. మిగిలింది బ్యాంకులోనే ఉంచాను. వాన ఎట్లుంటుందో తెలియనప్పుడు చేను అంచు దాకా విత్తకూడదు, కొంత బీడు పెట్టుకోవాలి. ఫోన్ పెట్టేసి చూస్తే పొయ్యి మీద పాలు పొంగి, పొయ్యి అంతా మాడి ఉంది.

ఆ రోజు రోడ్లు ఇంకా పెరిగింది. సాయంత్రం ఆయన చెప్పులు విప్పకుండానే ఇంట్లోకి వచ్చాడు. ఈ ఒక్క రోజులోనే ఎంత పోయిందో తెలుసా అని అరిచాడు. తెలుసు. ఆయన చెప్పిన అంకె తప్పు, పోయింది అంతకంటే కొంచెం ఎక్కువే, సరిదిద్దాలనిపించింది గానీ ఊరుకున్నాను. నా తలరాత, మా నాయన బీదతనం, మా ఊరి బుద్ధి, అన్నీ తిట్టాడు. అసలు మాట చివరకు వచ్చింది.

"ఓబుళేసుగాడు నన్ను చూసి నవ్వినాడు. వాని ఆఫీసులో అందరి ముందర. 'ఇన్నాళ్లూ చెప్పింది అమ్మగారేనంట గదా సార్' అనినాడు. నా పరువు ఎంతకు అమ్మినావు?"

"అది నా ఖాతాలో లేదు. ఉండేవి అమ్మినా" అన్నాను.

కొడతాడనుకున్నాను. చేయి లేచింది, మా అత్త వాకిట్లో ఉందని చూసి దిగింది. రేపు పొద్దున్నే అన్నీ మళ్లీ కొనమన్నాడు. కొనను అన్నాను. అయితే కాగితాల మీద సంతకాలు పెట్టి ఇవ్వు, అంతా తనే చూసుకుంటానన్నాడు. పెట్టను అన్నాను. మీ పేరున ఒక ఖాతా తెరుచుకోండి, మీ జీతం వేసుకోండి, రోడ్లు ఎన్ని కావాలంటే అన్ని కొనుక్కోండి, నేను ఒక్క మాట అననని చెప్పాను. తన పేరున కుదరదని ఇద్దరికీ తెలుసు. ఆయన వాకిలి వైపు తిరిగాడు.

"అమ్మా, రేపు నాతో టౌనుకు రా. నీ పేరు మీద ఒక ఖాతా తెరుద్దాం. వేలిముద్ర వేస్తే చాలు."

మా అత్త వక్క కొరుకుతోంది. కొరికి, నమిలి, గోడ పక్కకు ఉమ్మి వచ్చి చెప్పింది.

"నా వేలు ఇయ్యను నాయనా. మీ నాయన అడిగినప్పుడల్లా ఇస్తి. చేలన్నీ పాయ. ఇంగ నాకు మిగిలిండేది ఈ వేలొకటే."

తర్వాత నా వైపు చూడకుండానే, సంగటి చల్లారిపోతోంది, వడ్డించమని కసిరింది.

ఆయన తినలేదు. ఈ ఇంట్లో ఉండాలంటే తన మాట వినాలని, లేకుంటే నా షేర్లు నేను చూసుకుని ఎక్కడికన్నా పొమ్మని గోడతో చెప్తున్నట్టు చెప్పి పడుకున్నాడు.

మరుసటి జనవరిలో షేర్లకు ఏమైందో, రోడ్లకు ఏమైందో, కుదువబెట్టి కొన్న విష్ణువర్ధన్ ఏమయ్యాడో చెప్పి మెప్పు పొందాలని నాకు లేదు. నేను చేసింది సరేనని జనవరి వచ్చి సాక్ష్యం చెప్పనక్కరలేదు. రోడ్లు ఇంకో రెండింతలు పెరిగి ఉన్నా నేను చేసింది సరే. మునిగితే మన పొయ్యి ఆరిపోయేంత దేంట్లోనూ వేయకూడదు. పెరిగినా, పెరగకపోయినా.

కాని ఆ సోమవారం సంగటి గిన్నెలు సర్దుతూ నేను ఆలోచించింది షేర్ల గురించి కాదు. ఎక్కడికన్నా పో అన్న ఆ మాట గురించి. ఎక్కడికి పోతాను? ఖాతాలో ఒక్కొక్కటీ దాని కొలతలో ఉంది. అన్నిటికంటే పెద్ద వాటాను మాత్రం నేను ఎన్నడూ తూచనే లేదు. పద్దెనిమిదో ఏట నుంచి నా పొద్దులు, నా నిద్ర, నా నడుము, నా చేను, చివరికి నేను చేసిన పనికి నా పేరు కూడా తీసుకొచ్చి ఈ కాపురం ఒక్కదాంట్లోనే వేశాను. అది పెరగలేదు. ఏటికొకసారి ఇంత అని చేతికిచ్చిందీ లేదు. పడినప్పుడల్లా ఇంకా వేశాను, ఈసారి వాన వస్తుందని. మళ్లీ విత్తే జబ్బు మగవాళ్లదని ఇంతసేపూ నేను తిట్టాను.

అంత పెద్దదాన్ని ఒక్క రోజులో అమ్మకూడదు. కొనేవాళ్లు కూడా దొరకరు. కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి.

మంగళవారం పొద్దున ఆయన స్నానానికి నేను నీళ్లు కాచలేదు.